రన్‌వే మీద గరుడ పక్షి

భయపడటంలో మా సన్యాసమ్మ పిన్నికి కలకత్తా మొత్తంలో సాటి లేదు. ట్రాము గంట మోగితే భయం, ఖాకీ చొక్కా కనబడితే భయం, ఎర్రజెండాల ఊరేగింపు వస్తే తలుపుకు గొళ్ళెం. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి దమ్‌దమ్ విమానాశ్రయంలో రన్‌వే ఊడ్చే పని ఇచ్చాడు. విమానం లేస్తుంటే చీపురు వదిలేసి, చెవులు మూసుకుని గడ్డిలో కూలబడేదని తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, పొట్టకూటికి తప్పుతుందా.

శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ పక్క బస్తీలో చేరిన మావాళ్ళే ఆ ముఠాలో ఎక్కువ. అందరూ కాంట్రాక్టు కూలీలే. రన్‌వే మీద మేకు దొరికినా, రాయి దొరికినా, చచ్చిన పిట్ట దొరికినా మేస్త్రీ నరసింహానికి అప్పజెప్పాలి. దాచితే పని పోయినట్టే.

ఎనభై ఆరు వానాకాలంలో ఒక పొద్దున, లేవడానికి పరుగు తీస్తున్న విమానం ఇంజను ఢామ్మని పేలింది. పైలట్ ఆపబోయాడు గానీ విమానం రన్‌వే దాటి బురదలో దిగబడింది. ఇంజను కాలి బొగ్గయింది. ప్రాణాలు పోలేదు, కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళు మాత్రం చాలామంది.

ఫొటోలు తీయడం అయ్యాక టైరు ముక్కలు ఏరమని ముఠాను పంపారు. పిన్ని గడ్డి అంచున ఏరుతూ ఒకచోట ఆగిపోయింది. తెల్లటి మెడ, ఇటుక రంగు వీపు, ఒక రెక్క లేదు. గరుడ పక్షి. కాకి అయితే చెత్తడ్రమ్ములో పడేసేది. ఆకాశంలో గరుడుడు కనిపిస్తే చెంపలు వేసుకుని దండం పెట్టే మనుషులం మేము. విష్ణుమూర్తి వాహనాన్ని చెత్తలో ఎలా వేస్తుంది? కొంగులో చుట్టి తీసుకెళ్ళి, విమానాశ్రయం ప్రహరీ పక్కన గుంట తీసి, పసుపు చల్లి పూడ్చేసింది. పుణ్యం చేశాననే అనుకుంది, పిచ్చి మొహం.

మర్నాడు ఢిల్లీ నుంచి దర్యాప్తు అధికారులు దిగారు. పని మొదలెట్టే ముందు నరసింహం ముఠాను నిలబెట్టి అడిగాడు.

"ఇంజనుకి పిట్టేదైనా తగిలిందేమోనని ఢిల్లీ బాబులు అడుగుతున్నారు. ఎవులికైనా దొరికిందేటి?"

పిన్ని అందరికన్నా ముందే, "నాకేటీ దొరకనేదు" అంది, తనను ప్రత్యేకంగా అడగకపోయినా.

ఇంటికొచ్చి మా చిన్నాన్న బైరాగికి చెప్పింది. ఆయన బీడీ పారేసి, "నోరిప్పినావంటే పనీ పోద్ది, నువ్వూ జైలుకి పోతావు. ఊరుకో" అన్నాడు. అప్పటి నుంచి వీధిలో జీపు చప్పుడైతే చాలు, పిన్ని వంటగది మూల చేరేది. అన్నం సహించేది కాదు. పోలీసులు పట్టుకుపోతారని ఒక భయం, పాతిపెట్టిన దేవుణ్ణి బయటికి లాగితే ఏ పాపం చుట్టుకుంటుందోనని ఇంకో భయం.

దొరికినవాడే దొంగ అన్నట్టు, నేరం గవరయ్య మీద పడింది. అతను మా పక్కింటివాడే, విమానాల షెడ్డులో మెకానిక్కు సహాయకుడు. ముందురోజు ఆ ఇంజను మూత బిగించింది అతను. మూత సరిగా బిగించలేదు, అది ఊడి లోపలికి పోయింది అన్నారు. షెడ్డులో పెద్దలంతా మెల్లగా తప్పుకున్నారు. ఇంజనుకి తగిలింది ఆ పక్షేనని పిన్నికి తెలుసు. కుళాయి దగ్గర గవరయ్య కనిపిస్తే బిందె అక్కడే వదిలేసి వచ్చేది.

ఒక సాయంత్రం గవరయ్య భార్య దాలమ్మ ఏడుస్తూ వచ్చింది. "ఠాణాకి అట్టుకుపోనారొదినా. ఒప్పుకోమంటన్నారంట. సెయ్యనిది ఎలాగొప్పుకుంతాడు?"

ఆ రాత్రి పిన్ని పడుకోలేదు. తెల్లారగానే, చిన్నాన్న వద్దంటున్నా వినకుండా ఢిల్లీ అధికారుల గది ముందుకెళ్ళి నిలబడింది. వచ్చీరాని హిందీలో చెప్పింది. ఎందుకు దాచావని పెద్దాయన అడిగాడు. దాచలేదనీ, దేవుడు కదా అని పాతిపెట్టాననీ అంది.

తవ్వించారు. ఈకలూ ఎముకలూ వచ్చాయి, రెక్క తెగినచోట ఇంకా నల్లటి మసి ఉంది. వాటిని ప్లాస్టిక్ సంచిలో వేస్తుంటే పిన్ని కళ్ళు మూసుకుని చెంపలు వేసుకుంది. బురదలో మూతను కూడా వెతికించారు, మరలతో సహా చెక్కుచెదరకుండా దొరికింది, అంటే అది ఇంజను లోపలికి పోలేదు. ప్రమాదం పక్షి వల్లేనని తేల్చారు. పిన్నిని జైల్లో పెట్టలేదు, కాంట్రాక్టరు పనిలోంచి మాత్రం తీసేశాడు. బతికాను తల్లీ అనుకుంది, నిజంగానే.

గవరయ్య ఇంటికి వచ్చిన రోజు పిన్ని టీ పెట్టి తీసుకెళ్ళింది. అతను గ్లాసును ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి తుండుగుడ్డలో చుట్టి ఒళ్ళో ఉంది. వేళ్ళు వాచి, ఎటో తిరిగిపోయి ఉన్నాయి.

"పనిలోకి రమ్మన్నారంట గదా, గవరయ్యా" అంది పిన్ని.

"రమ్మన్నారొదినా. ఈ సేత్తో పానా అట్టుకోనేను" అన్నాడతను. గొంతులో కోపం లేదు.

దాలమ్మ గుమ్మంలో నిలబడి, పిన్ని మొహంలోకి చూడకుండా అంది. "మేస్త్రీ అడిగిన్నాడే సెప్పుంతే, ఆ సెయ్యి మాకుండేదొదినా."