నాందేడ్‌లో దించేసిన వార్త

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు మన్మాడ్ వెళ్తూ, రైల్లో పత్రిక పైకి చదువుతున్నాను. ఆడామగా హక్కులు సమానమని ఎక్కడో దేశాలన్నీ కాగితం మీద సంతకాలు చేశాయట.

ధర్మాబాద్‌లో ఎక్కినప్పటి నుంచీ కుదురుగా కూర్చోలేకపోతున్న ఒకావిడ గభాల్న అడిగింది: "మా నిజాం సర్కార్ గూడ దస్కత్ చేసిందా, అన్నా?"

"పిలుపు అందినట్టు లేదమ్మా. పెళ్లి విందయితే పిలవకున్నా వెళ్లేదే!"

ఆమె నవ్వలేదు. "మా ఆయన పోయిండు. మరిది పొలం తన పేర రాయించుకుంటుండు. గా కాయిదం నాందేడ్ కచేరిల సాబ్‌కు చూపిస్త."

"ఇది తెలుగు. అక్కడ ఉర్దూ కదమ్మా?"

"నువ్వు సదువు, నేను ఉర్దూల చెప్త. దిగు!"

నాలుగో తరగతితో బడి మానేసిన నాకు తెలుగొక్కటే. బడి మొహమే చూడని ఆమెకు మరాఠీతో కలిపి మూడు! నాందేడ్‌లో రైలు కదులుతుండగా దూకాను.

కచేరీలో నేనొక వాక్యం చదివితే ఆమె పది చెప్పింది. మిగతా తొమ్మిదీ ఏ దేశం రాసిందో గానీ, సాబ్ ఆమె పేరడిగి కలం తీశాడు.