కూసో, ఇది మొదటి భాగమే

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో పురుషోత్తంగారి ఇంట్లోకి వెళ్లడం చాలా సులువు. బయటికి రావాలంటే మాత్రం రికార్డు అయిపోవాలి. ఆయన రికార్డు ప్లేయరు మీద ముల్లు పెట్టాడంటే నేరుగా వెళ్లి వీధి తలుపు పైగడియ బిగించి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. ఇక లోపలున్నది చుట్టమైనా, వినాయకచవితి చందా కోసం వచ్చినవాడైనా, ఆఖరి తీగ మోత ఆగేదాకా ఆ ఇంటి మనిషే. మధ్యలో లేచి వెళ్లడమంటే పెద్దమనిషి మాట్లాడుతుంటే వీపు చూపించడమేనని ఆయన సిద్ధాంతం.

పోనీ ఆ సంగీతమేమైనా మన చెవులకు అలవాటైనదా అంటే అదీ కాదు. కీర్తన కాదు, సినిమా పాట కాదు. ఆయన రైల్వేలో ఉద్యోగం చేసే రోజుల్లో, సికింద్రాబాద్ వదిలి వెళ్లిపోతున్న ఆంగ్లో ఇండియన్ ఆఫీసరొకాయన తన ట్రంకుపెట్టెల్లోని నల్ల రికార్డులన్నీ ఈయనకు అప్పగించి పోయాడు. అంతా యూరప్ సరుకు. పియానో పక్కన ఒక్క మనిషి నిలబడి పాడే పాటలు కొన్ని. నలుగురు ఒక గదిలో కూర్చుని ఆస్తి పంపకాల మీద వాదించుకుంటున్నట్టు వాయించే క్వార్టెట్లు కొన్ని. అన్నిటికన్నా ప్రమాదకరమైనవి వయొలిన్ కన్సర్టోలు. ఒక్క వయొలిన్ ఒక పక్కా, ఊరంత వాద్యబృందం ఇంకో పక్కా. పాటైతే టీ చల్లారేలోగా అయిపోతుంది. క్వార్టెట్ అరగంట. కన్సర్టో మాత్రం ముప్పావుగంట, పైగా అందులో మూడు భాగాలు.

ఆ మూడు భాగాల దగ్గరే అందరూ బోల్తా పడేవారు. మొదటి భాగం చివర ఢామ్మని ముగించి వాయించేవాళ్లంతా ఒక్క క్షణం ఊపిరి తీసుకుంటారు. సరిగ్గా అప్పుడు మన అతిథి బతుకుజీవుడా అని లేచి నిలబడేవాడు.

“వస్తా సార్, చాలా బాగుంది.”

“కూసో, ఇది మొదటి భాగమే.”

కరెంటు మీటరు చూసే ధర్మరాజు ఇలా ఒక్క ఏడాదిలో ఎన్నిసార్లు కూర్చున్నాడో లెక్కలేదు. “సార్, ఇంకా వీధంతా మిగిలుంది సార్” అని మొత్తుకునేవాడు. “మీటర్లు ఏడికి పోతయ్? తిరుగుతనే ఉంటయ్” అనేవాడు పురుషోత్తం. చివరికి ధర్మరాజు తెలివిమీరి కిటికీలోంచే మీటరు చూడటం మొదలుపెట్టాడు. పురుషోత్తం తక్కువ తిన్నాడా? మీటరు ముందు క్యాలెండరు వేలాడదీశాడు.

బీమా ఏజెంటు రామ్మోహనరావు కథ ఇంకా గొప్పది. ఆయన వస్తున్నాడంటే ఏ ఇంటివాళ్లైనా తలుపు మూసుకునేవారు. ఈ ఒక్క ఇంట్లోనే ఆయన్ని లోపల పెట్టి తలుపు మూశారు. పాలసీ మాట ఎత్తబోయినప్పుడల్లా పురుషోత్తం పెదాల మీద వేలు పెట్టుకునేవాడు. ఆ రోజు రామ్మోహనరావు పాలసీ అమ్మలేదుగానీ, కడుపు నిండా ఉప్మా తిని, రెండు త్రేన్పులు త్రేన్చి వెళ్లాడు.

అవును, అదొకటి ఉండేది. జైల్లో పడ్డవాళ్లందరికీ విడుదలయ్యే వేళకు స్వర్ణలతమ్మ చేతిలో పళ్లెంతో ప్రత్యక్షమయ్యేది. మొగుడు చేసిన పాపానికి ఆ ఇల్లాలు ప్రాయశ్చిత్తం చేసుకుంటోందని బజారంతా జాలిపడేది. రికార్డు నడుస్తుండగా ఆవిడ ఒకటి రెండుసార్లు వంటింటి గుమ్మంలోకి వచ్చి తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లేది. ఎంత విసిగిపోయిందో పాపం అనుకునేవారు.

ఆ ఇంటి మేడమీద గదిలో అద్దెకున్నవాడు పైడిబాబు. విజయనగరం దగ్గర పల్లెటూరు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, మెడలో ఎప్పుడూ నీలం తాడుకు వేలాడే గుర్తింపు కార్డు. గదిలో దిగిన మొదటి ఆదివారం నీళ్ల మోటారు వెయ్యమని చెప్పడానికి కిందికి వచ్చి కన్సర్టోలో ఇరుక్కున్నాడు. మొదటి భాగం కాగానే మర్యాద కోసం చప్పట్లు కొట్టాడు. పురుషోత్తం నొచ్చుకున్నాడు. “పెండ్లిల తాళి కట్టకముందే అక్షింతలేస్తరా, బిడ్డా?” అన్నాడు. అప్పటి నుంచి పైడిబాబు వేళ్లు మడిచి భాగాలు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు.

నేర్చుకుని ఇంకా బాగుపడేవాడేగానీ, ఆ ఏడాది అమెరికాలో కంప్యూటర్ వ్యాపారపు బుడగేదో పగిలింది. దాని తడి మాదాపూర్‌లో పడింది. కంపెనీ ఒక శుక్రవారం సాయంత్రం కొందరిని పిలిచి, ఎంతో ప్రేమగా మాట్లాడి, ఇంటికి పంపేసింది. అందులో పైడిబాబు ఒకడు.

ఉద్యోగం పోయిన సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా అమ్మకు. ముసలమ్మ తన కొడుకు కంప్యూటర్లో ఉన్నాడని ఊరంతా చెప్పుకుని మురిసిపోయే మనిషి. ఆవిడకు ఈ మాట ఏ నోటితో చెప్పాలో వాడికి తెలియలేదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు వేసుకుని బయలుదేరి సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లి ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చునేవాడు. పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు చూసేవాడు. మధ్యాహ్నం టీ, బిస్కట్టు. ఊరికి ఫోన్ చేసినప్పుడు “ఆఫీసు బాగుందమ్మా, ఏసీ కదా, కొంచెం చలి” అనేవాడు.

దరిద్రం ఒంటరిగా రాదన్నట్టు, సరిగ్గా అప్పుడే పురుషోత్తంగారికి సంగీతం ముదిరింది. ఇదివరకు వారానికోసారి పట్టుకునే మనిషి ఇప్పుడు రోజూ సాయంత్రం మెట్ల దగ్గర కాపు కాసేవాడు. పాటలు లేవు, క్వార్టెట్లు లేవు. అన్నీ కన్సర్టోలే.

“ఇవాళ ఒంట్లో బాలేదు అంకుల్.”

“వయొలిన్ ఇంటే అదే నయమైతది. రా.”

ఉద్యోగం పోగొట్టుకున్నందుకు దేవుడు వేసిన వడ్డీ ఇది అనుకుని పైడిబాబు కుర్చీలో కూలబడేవాడు. మూడో భాగం అయ్యేసరికి స్వర్ణలతమ్మ అన్నం, పప్పు, వేపుడు వడ్డించేసి ఉండేది. వడ్డించాక కాదంటే బాగుండదు కదా. సంగీతం మీద కోపమంతా పప్పు మీద చూపించి మేడెక్కి పడుకునేవాడు.

కొన్నాళ్లకు వాడి ఓపిక అయిపోయింది. ఎన్ని కంపెనీల గుమ్మాలెక్కినా మనుషుల్ని దించేవాళ్లే తప్ప ఎక్కించుకునేవాళ్లు లేరు. ఊరికి వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాడు. వెళ్లి ఏం చెయ్యాలో తెలియదు. అమ్మకు ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. కానీ ఒకసారి వెళ్లిపోతే మళ్లీ ఈ ఊరు రానని మాత్రం తెలుసు. బట్టలు బ్యాగులో కుక్కి, సాయంత్రం బండికి టిక్కెట్టు కొని, గది తాళంచెవి ఇవ్వడానికి కిందికి దిగాడు.

“ఊళ్లో కొంచెం పనుందండీ. ఆఫీసువాళ్లు సెలవిచ్చారు” అన్నాడు.

పురుషోత్తం తాళంచెవి తీసుకోలేదు. వెళ్లి రికార్డు తీశాడు. ముల్లు పెట్టాడు. గడియ బిగించాడు.

“అంకుల్! ట్రైనుందండీ!”

“విశాఖ బండే గద? బతుకంత ఆ బండ్లను తోలినోన్ని, నాకే టైము చెప్తున్నవా? కూసో.”

వయొలిన్ మొదలైంది. మొదటి భాగం అయింది. రెండో భాగం వచ్చింది. ఇది నెమ్మదైన భాగం, ఎవరో ఏడుస్తూ ఊరు విడిచి పోతున్నట్టుంటుంది. రికార్డు మీద గీత పడి ఒకచోట టక్కుమంటుంది. పైడిబాబు వేళ్లు మడుస్తూ గడియారం చూస్తున్నాడు. స్వర్ణలతమ్మ గుమ్మంలోకి వచ్చి, ఎప్పటిలాగే తల అడ్డంగా ఊపి వెళ్లింది. పురుషోత్తం దుమ్ము తుడుస్తున్నట్టు ప్లేయరు మీదికి ఓసారి వంగి వచ్చాడు. కాసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ టక్. ఆవిడ మళ్లీ వచ్చింది, ఈసారి చేతిలో గరిటె కూడా ఊపింది. ఇంకాసేపటికి మళ్లీ అదే ఏడుపు, అదే టక్.

పైడిబాబు చటుక్కున లేచాడు.

“అంకుల్, ఇది మూడో భాగం కాదు! రెండోదే మూడోసారి వేస్తున్నారు!”

పురుషోత్తం మొహంలో దొరికిపోయిన దొంగ కళ, దాని వెనకే గురువుగారి ఆనందం కనిపించాయి. “స్వర్ణా, ఇన్నవా? పిల్లగానికి చెవులొచ్చినయ్!” అని కేకేశాడు.

లోపలి నుంచి జవాబొచ్చింది. “చెవులొస్తే ఏం జేస్కోను? గ్యాసయిపాయె! స్టవ్వు మీద ఉడుకుతలేదు. ఇంకోపారి వెయ్యుండ్రి!”

పైడిబాబు వంటింట్లోకి పరుగెత్తాడు. గ్యాసు పొయ్యి చల్లగా ఉంది. స్వర్ణలతమ్మ నేల మీద కూర్చుని పాత కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొడుతోంది. దాని మీద అన్నం గిన్నె ఇంకా కుతకుతలాడే మూడ్‌లో కూడా లేదు. అప్పుడు వాడికి అర్థమైంది. ఆ ఇంట్లో సంగీతం నడిపేది ముందు గదిలో కాదు. టీకి పాట. ఉప్మాకు క్వార్టెట్. భోజనానికి కన్సర్టో. ఆవిడ తల ఊపితే వంట కాలేదని అర్థం.

“ఇదేటండీ ఆంటీ! తినమని అడిగితే సరిపోదా? గడియలెందుకు?”

“అడిగితే తింటరా నాయనా? భోంచేస్తవా అంటే, ఇప్పుడే తినొచ్చిన అంటరు. ఆకలితోటి కండ్లు లోపటికి పోయినా గదే మాట. మనోళ్లకు గదో రోగం. సంగీతం ఇంటవా అంటే మాత్రం, ఇప్పుడే ఇనొచ్చిన అని ఎవ్వడంటడు చెప్పు?”



గుమ్మంలోంచి పురుషోత్తం నెమ్మదిగా అన్నాడు. “దోస్తులను చూడనీకి నేను రోజూ స్టేషన్‌కు పోత. బల్ల మీద కూసుంటవ్, మెడల కార్డు సుత తియ్యవ్. అడిగితే పరేషాన్ అయితవని అడగలే.”

స్టేషన్ వైపు నుంచి బండి కూత వినబడింది. 

“పోయింది” అన్నాడు పైడిబాబు.

“రైల్వేల చేసి నేను తప్పించిన మొదటి బండి ఇదే” అన్నాడు పురుషోత్తం, సిగ్గుపడుతూ. “సిలిండర్ది తప్పు, నాది కాదు. రేపు సుత ఉంటది. పోతానంటే నేనే ఎక్కిస్త. ముందుగాల తిను.”

అన్నం ఉడికేసరికి చీకటి పడుతోంది. పైడిబాబు చాలా తిన్నాడు. దాచవలసింది ఏమీ లేనప్పుడు ఎంత ఆకలేస్తుందో వాడికి ఆ రోజే తెలిసింది. చెయ్యి కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే ముందు గదిలో ఫోన్ దగ్గరికి వెళ్లి ఊరికి నంబరు తిప్పాడు.

“అమ్మా, ఉజ్జోగం పోయిందే. చాన్నాళ్లయింది. నీకు అబద్ధం చెప్పాను.”

అవతల ముసలమ్మ వెంటనే అడిగింది.

“అన్నం తిన్నావేట్రా?”

“తిన్నానమ్మా.”

“మరేటి? తిన్నోడికి ఉజ్జోగం దొరక్కపోద్దా? ఈడకొచ్చి ఏటి సేస్తావు, ఆడే ఎతుక్కో.”

“ఇక్కడే వెతుక్కుంటానమ్మా” అన్నాడు పైడిబాబు. 

ఆ మాట వినగానే పురుషోత్తం రిసీవరు లాక్కున్నాడు. “అమ్మా, నమస్తె. మీ పిల్లగాడు మా ఇంట్ల పైలంగ ఉన్నడు, ఏం ఫికర్ చెయ్యకు. జెర ఈ రెండో భాగం ఇను. మధ్యల ఫోన్ పెట్టకు!” అని, ముల్లు పెట్టి, రిసీవరు తీసుకెళ్లి స్పీకరు ముందు పట్టుకున్నాడు.

“అయ్యో, ఆమెకు సుత గడియ పెడుతుండ్రా?” అని స్వర్ణలతమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ సాయంత్రానికి నాలుగోసారి వయొలిన్ ఏడ్చింది. అంతదూరంలో ముసలమ్మ బుద్ధిగా, చివరిదాకా వింది. సద్దు మణిగాక ఆవిడ గొంతు రిసీవర్లోంచి గదంతా వినబడేలా వచ్చింది.

“ఒరే పైడీ, ఎవల్రా ఆ బాబు, అంతలా ఏడుస్తన్నాడు? ముందాడికి కాస్త అన్నం ఎట్టండర్రా!”