యేసుదాసు గారి పంటి పరీక్ష

బందరులో చంటిపిల్లలున్న ఇంటికి ఎవరు ఏ బొమ్మ తెచ్చినా, ముందు దాన్ని యేసుదాసు గారు కొరకాలి. అది ఊరి ఆచారం కాదు, ఆయన జబ్బు.

కాలికి బలపం కట్టుకుని తిరిగినవాణ్ణి, చాలా రకాల మనుషుల్ని చూశాను. అవనిగడ్డలో బస్సెక్కే ముందు నాలుగు వైపులా తిరిగి టైర్లకి నమస్కారం పెట్టే పెద్దమనిషి ఒకాయన నాకు మంచి స్నేహితుడు. ఆయన సంగతి మొదలెడితే ఇది తెమలదు. కానీ డెబ్భై ఏళ్ళ వయసులో గిలక్కాయ నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించే మనిషిని మాత్రం ఈ బందరు చిలకలపూడిలోనే చూశాను.

పోస్టాఫీసులో పార్శిళ్ళ దగ్గర పనిచేసి రిటైరయ్యారాయన. పై పళ్ళు కట్టుడువి, కింది పళ్ళు సొంతం. "పిల్లాడు బొమ్మతో ఆడతాడనుకుంటారు గానీ, కొరుకుతాడండీ, పీకుతాడు, విసిరేస్తాడు. అవన్నీ మనం ముందు చేసి చూడొద్దూ?" అనేవారు. అనడమే కాదు, చేసేవారు. జేబులో ఎప్పుడూ పసిపిల్లల రోల్డుగోల్డు గాజు ఒకటి ఉండేది. ఊడిన ముక్క ఆ గాజులోంచి దూరిందంటే గొంతులోకీ దూరుతుందని ఆయన తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

కోనేరు సెంటర్లో బొమ్మలు అమ్మే పోతురాజు, ఆయన సైకిలు కనపడగానే షట్టరు సగం దించేవాడు.

"భోజనానికి వెళ్తున్నానండీ మావయ్యగారూ!"

"పొద్దున్నే భోజనమేంటయ్యా? ఆ రబ్బరు బాతు ఇలా ఇవ్వు."

"కొరికితే కొన్నట్టేనండీ!"

"కొంటాలే. ముందు ఐఎస్ఐ గుర్తు చూపించు."

"ఇంత బాతుకి అంత గుర్తు ఎక్కడ పడుతుందండీ?"

ఆయన కొరికారు. బాతు పొట్టలోని ఈల ఊడి ఆయన నోట్లోకి వచ్చింది. "చూశావా!" అన్నారు. మాటతోపాటు కీచుమని ఈల కూడా వచ్చింది. దాన్ని ఉమ్మేసేదాకా ఆయన ఎంత తిట్టినా పోతురాజుకి బాతు తిడుతున్నట్టే ఉంది.

ఆయన ఎదురింటి కోడలు షీబా. ఆమె కొడుకు లోహిత్‌కి పళ్ళొచ్చే వయసు. కుర్చీ కాలు దగ్గర్నుంచి బైబిలు అట్ట దాకా అన్నీ నమిలేవాడు. వాడి మొదటి పుట్టినరోజుకి నాయనమ్మ సువర్ణ గారు గుడివాడ నుంచి ఒకరోజు ముందే దిగారు. చేతిలో తాళాలు వాయించే కోతిబొమ్మ. దాని నడుము మీద మూత వేలితో నొక్కితే ఊడొచ్చేస్తోంది. లోపల తళతళలాడే బటన్ బ్యాటరీ.

షీబా గొంతు తగ్గించి, "అత్తయ్యగారూ, ఆ బ్యాటరీ మింగితే చాలా ప్రమాదమటండీ," అంది.

"మా కిరణ్‌ని నేను పెంచలేదా? లోకంలో ఇన్ని బొమ్మలుండగా నేను తెచ్చిందే దొరికిందా నీకు?"

కిరణ్ కుమార్ ఫ్యాను వంక చూశాడు. అది మామూలుగానే తిరుగుతోంది.

మర్నాడు ఇంటి ముందు పందిట్లో పుట్టినరోజు కృతజ్ఞతా కూటం, నేనూ వెళ్ళాను. పాస్టరు గారి ప్రార్థన అయ్యీ అవకముందే సువర్ణ గారు మనవణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని కోతిని చేతికిచ్చారు. వాడు తిన్నగా నోటికి తీసుకెళ్ళాడు. షీబా చూపు వెనక వరస కుర్చీల వైపు పోయింది.

"ఆగండమ్మా!"

యేసుదాసు గారు కుర్చీలు తోసుకుంటూ వచ్చి, కోతిని లాక్కుని, నడుము పట్టుకుని కొరికారు. మూత ఎగిరింది, బ్యాటరీ ఆయన అరచేతిలో పడింది. కట్టుడు పళ్ళు మాత్రం కోతిని వదల్లేదు. పందిరంతా పగలబడి నవ్వింది. ఆయన తొణక్కుండా గాజు తీసి, అందులోంచి బ్యాటరీని జారవిడిచి చూపించారు. తర్వాత కోతి దగ్గర్నుంచి తన పళ్ళు తాను తీసుకున్నారు.

"ఇది గొంతులో ఇరుక్కుంటే లోపల కాల్చేస్తుందమ్మా!"

"పిచ్చి మనిషి! శుభమా అని పిల్లాడికి బొమ్మిస్తే కొరుక్కుతింటారా?" అని సువర్ణ గారు కేకలు వేశారు. ఆ కేకల్లో కోడలి పేరు ఒక్కసారి కూడా రాలేదు. బ్యాటరీని కిరణే తీసుకెళ్ళి అవతల పడేశాడు.

బయటికొచ్చాక ఆయన్ని అడిగాను. "పదిమందిలో ఆ మాటలు పడటం మీకెందుకండీ?"

"నిన్న ఆ పిల్ల గోడ దగ్గరకొచ్చి ఏడ్చింది. 'నేనంటే గొడవైపోద్ది, మీరొచ్చి కొరకండి బాబాయ్' అంది. కోడలు వద్దంటే పోట్లాట, పిచ్చోడు వద్దంటే నవ్వులాట. ఎలాగూ పేరు పడింది కదండీ, ఊరికే పోనివ్వడమెందుకు?"

ఊరు నవ్వుకున్న కాట్లలో సగం ఇలా పిలిచి కొరికించుకున్నవేనని నాకప్పుడు తెలిసింది.

కొన్నాళ్ళకి ఆయనా నేనూ అరుగు మీద కూచుని ఉండగా ఆయన ఫోన్ మోగింది. ఆయనకి వినికిడి తక్కువ, స్పీకరు పెట్టారు.

"అన్నయ్యగారూ, గుడివాడ నుంచి సువర్ణనండీ."

ఆయన ఫోనుని మొహానికి కాస్త దూరంగా జరిపి, "చెప్పండమ్మా," అన్నారు.

"కోడూరులో మా అమ్మాయి ప్రీతి కూతురికి వాళ్ళ మావగారు కుక్కపిల్ల బొమ్మ తెచ్చారండీ. కళ్ళు రెండూ వేలాడుతున్నాయి. పిల్లనిచ్చినదాన్ని, వియ్యంకుడు గారికి నేనేం చెప్పగలను? మీరొకసారి అటు వెళ్ళి..."

"వెళ్ళి?"

అటువైపు గొంతు తగ్గింది. "కొరకండి," అన్నారావిడ.

"అలాగే వెళ్తాను. నేనెవర్నని చెప్తారక్కడ?"

"మా బందరు అన్నయ్యగారు, కాస్త పిచ్చి అని చెప్తాన్లెండి. ఏమీ అనుకోకండేం."

"కాస్త అనకండమ్మా. బాగా అని చెప్పండి, పని తేలికవుద్ది."