పన్ను సందు ఈల

పోయినవి పదమూడు ఊపిర్లు. ఒక్కొక్కటి ముప్పాతిక సెకను చొప్పున మొత్తం తొమ్మిదింబావు కాదు, తొమ్మిదీ ముప్పాతిక సెకన్లు. మళ్లీ కూడి చూసుకున్నాను. ఇవిగాక గాజుల చప్పుడు రెండుసార్లు, దగ్గు ఒకటి. అన్నీ నా చేతులతో కోసి పారేసినవే.

చెన్నూరు దగ్గర చేనులో మా పెద్దమ్మ పత్తి ఏరుతూ పాడుకుంటుంటే ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆమె కూతురు, నాకు చెల్లెలు, అడిగింది. అమ్మను అవ్వ అనే పిలుస్తుంది. "అన్నా, అవ్వ పాటకు డప్పు కలిపి పంపవా? పని చేసుకుంట ఇనుకుంట."

నేను పత్తి తూకం దగ్గర లెక్కలు రాస్తాను. లెక్కల్లాగే రీమిక్స్ కూడా ఎవరూ నేర్పలేదు, కూర్చుని నేర్చుకున్నాను. డప్పు నిమిషానికి తొంభై ఆరు దెబ్బలు పెట్టాను. పెద్దమ్మ ఊపిరి తీసుకున్న ప్రతిచోటా పాట వెనకబడింది. ఊపిర్లు కోసేస్తే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. ఫోన్‌లో జాగా కోసం అసలు రికార్డింగు తుడిచేశాను కూడా.

చెల్లెలు విని ఫోన్ చేసింది. "మంచిగనే ఉంది గని, గిది అవ్వ గాదన్నా. పన్ను సందులకెల్లి గా ఈల ఏది?"

పెద్దమ్మకు అప్పట్లో ముందుపన్ను ఒకటి లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వచ్చేది. మళ్లీ పాడించుకుందామని వెళ్లేసరికి, మిగిలిన పళ్లూ పీకించేసుకుని నోటినిండా కట్టుడుపళ్లు. పెట్టుకుంటే ఈల రాదు. తీసేస్తే ఉత్త గాలి.

"ఇప్పుడిప్పుడే ముక్క నములుతున్న కొడుకా. నీ ఈల కోసం మళ్ల బోసినోరు గావాల్నా?" అని నవ్వింది.

కట్టుడుపళ్లతోనే మళ్లీ పాడించుకున్న ఆ పాటలో ఊపిర్లు ముట్టుకోలేదు. ఈసారి డప్పునే ఆపాను. ఆమె ఊపిరి తీసుకునేదాకా అది ఆగుతుంది. ఈల కోసం మాత్రం పెన్ను మూత ఊది కలిపాను.

"గది నువ్వు ఊదినవ్" అని చెల్లెలు వినీ వినగానే పట్టేసింది. తన ఫోన్ వెతికి, అవ్వ ఎప్పుడో పంపిన మాట ఒకటి నాకు పంపింది. "తిన్నవా బిడ్డా?" అంతే. ఆ మాటకు ముందు ఒక ఈల.

దాన్నే పదమూడు చోట్ల అతికించి పెద్దమ్మకు వినిపించాను.

"గిన్నిసార్లు ఒక్క తీరుగ ఎవలన్న ఊపిరి తీస్తర్రా? నేను మనిషినా, మోటరునా?"

పన్నెండు తీసేసి, పాట మొదట్లో ఒకటే ఉంచాను.

చెల్లెలు ఇప్పుడు గిన్నెలు తోముతూ అదే వింటోంది. "గా ఒక్కటి ఇనవడంగనే చాలన్నా, ఆ తర్వాత అంత అవ్వనే" అంటుంది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగుతుంది.

అయినా లెక్క లెక్కే. ఊపిర్లు పదమూడూ తిరిగొచ్చాయి. ఈలల్లో ఒకటి ముట్టింది. పన్నెండు ఇంకా బాకీ.