ఎండ క్లాసు, పసుపు పిల్లలు

పసుపు అంటిన ఒంటికి సబ్బు రాస్తే ఏమవుతుందో మీకు తెలుసా? తెలిస్తే నాకు ముందే ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే నా ట్యూషన్ ఇవాళ బతికుండేది!

నిజామాబాద్‌లో మా ఇంటి ముందు గదిలో ట్యూషన్ పెట్టి రెండు నెలలైంది. మా బాపు మొదటే షరతు పెట్టాడు. "పిల్లలు నిలిస్తే నడుపుకో బిడ్డా. లేకపోతే రైస్ మిల్లుల లెక్కలు రాసే నౌకరీ ఉంది. గప్పుడు కాదనొద్దు." ఆ మిల్లు ఆఫీసుకు కిటికీ కూడా లేదు! అందుకే నాకున్న ఆరుగురు మగపిల్లల్ని ప్రాణంలా చూసుకుంటున్నాను. ఆదివారం కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్పెషల్ క్లాసు. అంత పట్టుదల నాది.

మొన్న శనివారం ఫోన్లో ఒక వీడియో చూశాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా డి విటమిన్ తక్కువ ఉండొచ్చట. ఎండ తగలకపోతే ఒంట్లో తయారు కాదట. లెక్క కనిపిస్తే నా చెయ్యి ఆగదు కదా! బడికి వ్యాన్‌లో పోతారు, వ్యాన్‌లో వస్తారు, ఆ తర్వాత నా గదిలో కూర్చుంటారు. ఎండ ఎంత? సున్నా. వారానికి గుణిస్తే? మళ్లీ సున్నా! వెంటనే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను: 'పైకి బాగా కనిపించే పిల్లల్లోనే లోపల లోపం ఉంటుంది. రేపు ఎండ క్లాసు.'

మా ఇంటి వెనక ఖాళీ ప్లాటు ఉంది. భీమ్‌గల్‌లోని మా చేను నుంచి తెచ్చిన పసుపును బాపు అక్కడే ఎండబోశాడు. ముందురోజే పసుపు కొమ్ముల్ని డ్రమ్ములో వేసి పాలిష్ కొట్టించి, బస్తాలకెత్తి మార్కెట్ యార్డుకు పంపాడు. టార్పాలిన్ పట్టాలు మాత్రం ఖాళీగా పరిచి ఉన్నాయి. ఇంకేం, కూర్చోవడానికి బ్రహ్మాండం అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే పిల్లలు బనియన్లతో కూర్చున్నారు. ఎండకు చర్మం పొడిబారుతుందేమోనని అందరినీ కొబ్బరి నూనె రాసుకోమన్నాను. ఆ ఐడియా నాదే. వీడియోలో కూడా లేదు!

నేను గొడుగు కింద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. ఒక్క ఫోన్ వచ్చింది. మాట్లాడి తలెత్తేసరికి ఎక్కాలు లేవు, పట్టా మీద కుస్తీ నడుస్తోంది. పట్టాల మడతల్లో మిగిలిన పాలిష్ పొడి మేఘంలా లేచింది. నూనె ఒళ్లు, పసుపు పొడి! ఆరుగురూ తల నుంచి కాలి దాకా పచ్చగా మెరుస్తున్నారు.

"అక్కా, గిదేనా డి విటమిన్?" అన్నాడు అయాన్, చేతులు చూసుకుంటూ.

"నోర్మూసుకొని నల్లా కాడికి నడువు!"

దొరికింది బట్టల సబ్బు. గట్టిగా రుద్దించాను. అప్పుడు చూడాలి! పసుపంతా ఎర్రబడింది. నురగ ఎరుపు, బనియన్లు ఎరుపు, మెడలు, చెవులు ఎరుపు. సరిగ్గా అప్పుడే టిఫిన్ డబ్బాతో అయాన్ వాళ్ల నానమ్మ, దాదీ, గేటు తీసింది.

"యా అల్లా! ఏమైందే నా పోరనికి?"

"ఏం కాలే దాదీ, పసుపు అంటింది. గంతే."

"పసుపైతే కడిగితే పోవాలె గని ఎర్రగైతదా?"

కంగారులో ఇంకో చెంబు నీళ్లు పోశాను. సబ్బు పోయింది. అయాన్ మళ్లీ పచ్చబడ్డాడు!

"కామెర్లు!" అని అరిచింది దాదీ. "నువ్వే గదా గ్రూపుల పెట్టినవ్, పైకి మంచిగున్నోళ్లకే లోపల ఉంటదని! తెలిసే దాచినవా?"

గల్లీ అంతా వచ్చింది, మిగతా పిల్లల తల్లులు కూడా. రెండు ఆటోల్లో అందరం పిల్లల డాక్టర్ దగ్గరికి పోయాం. దారిపొడుగునా దాదీ నావైపు చూడలేదు. ఒక్కరు మానిపించినా మిగతావాళ్లు ఆగరని నాకు తెలుసు. కళ్ల ముందు ఆ కిటికీ లేని గదే కనిపిస్తోంది.

డాక్టర్ అయాన్ కళ్లు చూశాడు. తెల్లగా ఉన్నాయి. మెడ మీద వేలు పెట్టి రుద్ది, వాసన చూశాడు. "కూరల వేసుకునే పసుపమ్మా ఇది! సబ్బు తగిలితే ఎర్రగైతది, కడిగితే మళ్ల పచ్చగైతది."

హమ్మయ్య! అక్కడితో లేచి రావాల్సింది. వచ్చానా? లేదు. "డి విటమిన్ సంగతేంది సార్? అందరికీ టెస్టు చేయిస్తే మంచిదా?" అని అడిగాను.

"మంచిగ తిని ఆడుకునే పిల్లలకు టెస్టులెందుకమ్మా? పాలు, గుడ్లు పెట్టండి. బయట ఆడనియ్యండి." అయాన్ వైపు తిరిగాడు. "ఏం బేటా, ఆదివారం క్రికెట్ ఆడుతవా?"

"ఇంతకుముందు దినమంతా ఆడుతుండె సార్. గిప్పుడు అక్క క్లాసు పెట్టింది."

నా లెక్కలో వ్యాన్ ఉంది, బడి ఉంది. నా ఆదివారం క్లాసు మాత్రం ఎక్కడా లేదు!

"ఐతే మందు దొరికింది," అని నవ్వాడు డాక్టర్. "ఆదివారం ట్యూషన్ బంద్ పెట్టు."

దాదీకి 'ఆదివారం' వినబడలేదు. బయట ఉన్న తల్లులందరికీ చెప్పేసింది. "డాక్టరే చెప్పిండు! ట్యూషన్ బంద్ చేస్తే డి అస్తదంట!"

పొద్దుగూకేసరికి గ్రూపులో నేనొక్కదాన్నే మిగిలాను.

సోమవారం రైస్ మిల్లు ముందు బండి ఆపి బాపు మెల్లగా అన్నాడు. "బిడ్డా, లోపల ఎండ రాదు. మధ్యాహ్నం జెరసేపు బయటికొచ్చి నిలబడు. నూనె మాత్రం రాసుకోకు, తవుడు అంటుకుంటది."