హజరత్ ఖలందర్ నీడ లెక్క

ఖలందర్‌ది ప్రొద్దుటూరు. అక్కడ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు, చిన్న మసీదులో ఇమాముగా నమాజు చదివించేవాడు. రియాద్ వచ్చి పదకొండేళ్ళుగా నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాడు. అయినా మా లేబర్ క్యాంపులో ఆయన్ను ఎవరూ డ్రైవర్ అనలేదు. నమాజు గదిలో ముందు నిలబడేది ఆయనే కాబట్టి హజరత్ అనేవాళ్ళం. ఆ పిలుపు కోసమే బతుకుతున్నట్టుండేవాడు. ఒకసారి నాతో అన్నాడు కూడా: "స్టీరింగు పట్టుకున్నంతసేపూ నేనెవురో మర్సిపోతాప్పా. మీరు హజరత్ అంటే గ్యాపకమొస్తాది."

నిరుడు క్యాంపు మార్చినప్పుడు కొత్త గదిలో నమాజు వరసలకు టేపు అతికించింది ఫోర్‌మన్ ఆసిఫ్. రెండో కొస పట్టుకున్నది నేను. నమాజుకు మొహం మక్కా వైపే ఉండాలి, అది ఎటో చూడలేదు. పని తొందరలో గోడ వెంబడి లాగేశాం.

ఏటా జూలైలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మక్కాలోని కాబా నడినెత్తిన నిలుస్తాడట. ఆ నిమిషంలో ఎక్కడ కర్ర పాతినా నీడకు ఎదురు దిక్కే మక్కా. ఎండవేళ పని ఆపే రోజులు కాబట్టి అందరం క్యాంపులోనే ఉన్నాం. ఖలందర్ పాఠం చెప్పినంత సంబరంగా మమ్మల్ని పిలిచి కర్ర పాతాడు. నీడ చూశాడు, గది గోడ చూశాడు, మొహం మాడిపోయింది. మా వరసలు ఎటో తిరిగి ఉన్నాయి.

"అయితే సంవత్సరంగా చదివిన నమాజులు యాడికి పోయినట్టు?" అన్నారెవరో.

"తెలీక చేసిందాన్ని అల్లా ఒప్పుకుంటాడు లేప్పా," అన్నాడు ఖలందర్.

నేనొక అడుగు వెనక్కి వేశాను. ఆసిఫ్ ముందుకే వేశాడు.

"మాకు తెలీదు, సరే. నీకు తెలిసిన విద్యే గదా హజరత్? సంవత్సరమంతా ముందర నిలబడింది నువ్వే గదా?"

ఖలందర్ నా వైపు చూశాడు. టేపు ఎవరు అతికించారో ఆయనకు తెలుసు. నేనొక్క మాటంటే చాలు. నేను చెప్పులు చూసుకున్నాను.

"నిజమే," అన్నాడు. "ఆ పొద్దే లెక్క చూసుకోవాల్సింది. తప్పు నాదే."

ఒప్పుకున్నవాణ్ణి వదిలేసేంత మంచివాళ్ళమా మేము? ఇమామును మార్చాలనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు ఆసిఫ్. ముందు లేచిన చేతుల్లో నాదొకటి.

సాయంత్రం ఖలందరే మోకాళ్ళ మీద కూర్చుని పాత టేపు గోళ్ళతో పీకి, నీడ లెక్క ప్రకారం కొత్తది అతికించాడు. రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ పోలేదు. మగ్రిబ్ నమాజుకు ఆసిఫ్ ముందు నిలబడ్డాడు. ఖలందర్ చివరి వరసలో, చెప్పుల పక్కన నిలబడ్డాడు.

మర్నాడు కుళాయిలో నీళ్ళు రాలేదు. ట్యాంకరు దగ్గరికి పోయి నేనే అరిచాను: "ఏమప్పా డ్రైవరూ, నీళ్ళు యాడ?"

ఆయన వెంటనే తిరిగి చూడలేదు. ఇంకెవరినో పిలుస్తున్నాననుకున్నాడు.