పుట్టు వెంట్రుకలు ఎక్కడిస్తారు?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఆ కోపం వల్ల నేను నష్టపోయినవే ఎక్కువ. కానీ మొన్నామధ్య అమ్మవారి పండగ ముందు వచ్చిన కోపాన్ని మాత్రం తలుచుకుంటే నా మీద నాకే ముద్దొస్తుంది.

మాది గజపతినగరం దాటి బొబ్బిలి వైపు వెళ్ళే దారిలో ఓ చిన్న టౌను. అక్కడి హైస్కూల్లో నేను సోషల్ టీచరమ్మని. జనాభా పాఠం వచ్చిందంటే పుస్తకం మూసేసి, మన బజారులో ఎవరెవరున్నారో చెప్పండని పిల్లల్ని అడుగుతాను. మిఠాయి కొట్టు వాళ్ళు ఇంట్లో ఒడియా మాట్లాడుకుని కొట్లో తెలుగులో బేరమాడతారు. బట్టల షాపు మార్వాడీలది. వాళ్ళ మనవరాలు నాకంటే చక్కగా "ఏటి కావాలమ్మా" అంటుంది. ఒకప్పుడు జమీందారు కోటలో బాకాలూదడానికి వచ్చినవాళ్ళ సంతతి మసీదు వీధిలో కుట్టుమిషన్లు పెట్టుకుంది. కొండ దిగి వచ్చిన సవర కుటుంబాలు సంత వెనకాల ఇళ్ళు కట్టుకున్నాయి. ఇక చుట్టూ ఉన్న పొలాలన్నీ మా వాళ్ళవి, అంటే వ్యవసాయదారులవి. ఊరంతా మాదే అన్నట్టు నడిచేదీ మేమే.

వీళ్ళందరూ కాక రంగం వీధి ఉంది. మా వైపు రంగూనుని రంగం అంటారు. ఒకప్పుడు ఇక్కడి నుంచి కూలి పనికి ఓడెక్కి వెళ్ళిన వాళ్ళ పిల్లలు, అక్కడ ఉండనివ్వక మళ్ళీ ఓడెక్కి వచ్చేస్తే, గవర్నమెంటు వాళ్ళకి మా ఊరి చివర స్థలాలిచ్చింది. కొందరి తల్లులు తెలుగువాళ్ళు, కొందరి తల్లులు బర్మా వాళ్ళు. ఆ వీధి మొదట్లో ఉండే ముసలమ్మ కొబ్బరిపాల పులుసులో నూడుల్స్ వేసి గిన్నెల్లో పోసి అమ్ముతుంది. బడి వదలగానే సగం స్టాఫు రూము అక్కడే ఉంటుంది. నేనైతే రెండు గిన్నెలు తాగుతాను, సిగ్గేమీ లేదు.

మా ఊళ్ళో పండగకి ముందు అమ్మవారి ఘటం వీధి వీధికీ తిరుగుతుంది. పసుపు పూసి, వేపకొమ్మలు కట్టిన ఆ కుండని ఒకాయన తలమీద పెట్టుకుని వస్తాడు. కుండ కాదు, తల్లే వచ్చిందని లెక్క. ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్ళు ఆయన కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తారు. ఘటం ఎప్పుడూ రంగం వీధిలోకి తిరగలేదు. అది వలసొచ్చిన వాళ్ళ వీధి అని ఒక్కటే మాట. ముసలమ్మ ఏటా పసుపునీళ్ళ చెంబు పట్టుకుని పక్క వీధి మలుపు దాకా వచ్చి, అందరూ అయ్యాక పోసి వెళ్ళేది. అంతకు ముందు వాళ్ళమ్మ కూడా అక్కడే నిలబడేదట. పోయే ముందు రోజుల్లో కూడా ఆవిడ, తల్లి మన గుమ్మానికి వస్తే మంచం మీంచి లేపండని చెప్పి పడుకునేదట. లేపాల్సిన పని పడలేదు.

ఆ ఏడు ముసలమ్మే వీధి తరఫున కాగితం రాయించి పండగ కమిటీకి ఇచ్చింది. ఒక్కసారి మా వీధికి పంపండి, నేనుండగానే పంపండి అని దాని సారాంశం. కమిటీ పెద్ద మా మేనమామ. చెడ్డవాడు కాదు, పాతకాలం మనిషి. మాట ఇస్తే మాటే. అదే అతని బలం, అదే అతని మొండితనం. కొత్త కాలనీల వాళ్ళు కూడా అడుగుతున్నారు, ఘటం తిరిగే రోజులు చాలవు, అంచేత ఊరి పుట్టుక వాళ్ళు, అంటే మొదట్నుంచీ ఊరివాళ్ళెవరో పట్టీ రాసి, వాళ్ళ వీధులకే పంపుదాం అన్నాడు. దస్తూరి బాగుంటుందని రాసే పని నాకు అంటగట్టారు.

పుట్టుక వాళ్ళని ఎలా తేల్చాలని కమిటీ షెడ్డులో అందరి ముందూ అడిగాను. మామ మీసం దువ్వుకుని నవ్వాడు.

"దానికి పెద్ద సదువులక్కర్నేదే. పిల్లల పుట్టెంట్రుకలు ఎక్కడిత్తారో అడుగు. ఏలుపు ఎక్కడుంటే సొంతూరు అక్కడే. రంగపోళ్ళు ఏటి సెప్తారో నానూ సూత్తాను."

అందరూ భేష్ అన్నారు. నాకూ న్యాయంగానే తోచింది. మా వైపు బిడ్డకి మొదటిసారి తీయించే వెంట్రుకలు ఇంటి వేలుపుకే చెల్లుతాయి. ఎక్కడ స్థిరపడినా సరే, ఆ పని మీద మాత్రం వేలుపున్న ఊరికి పోవాల్సిందే. అది అందరికీ తెలిసిందే. తెలిసింది కాబట్టే దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

మర్నాటి నుంచి నోటుబుక్కు పట్టుకుని ఇళ్ళు తిరిగాను. మా నాన్న వైపు వాళ్ళతో మొదలుపెట్టాను. నాగావళి అవతల ఓ పల్లెలో ఇస్తామన్నారు. అవును కదా, నా వెంట్రుకలూ అక్కడే ఇచ్చారు. పక్కిల్లు సాలూరు వైపు. ఆ పక్కిల్లు చీపురుపల్లి దగ్గర. పెద్దవీధి మొత్తం తిరిగినా ఒక్కరూ మా ఊరి అమ్మవారి పేరు చెప్పలేదు. పూజారి గారి కుటుంబం తాతల నాడు ఒరిస్సా నుంచి వచ్చిందట, ఇప్పటికీ అక్కడికే వెళతారట. ఆయన కాస్త గొంతు తగ్గించి చెప్పాడు. ఇల్లిల్లూ తిరిగేసరికి నాకు మొదట నవ్వొచ్చింది, తరవాత ఒళ్ళు మండింది. ఊరు ఊరంతా ఎక్కడి నుంచో వచ్చి, ముందొచ్చిన వాళ్ళు తలుపేసుకున్నారన్న మాట.

చివరికి రంగం వీధికి వెళ్ళాను. ముసలమ్మ ముందు పులుసు గిన్నె చేతిలో పెట్టి, అప్పుడు నా ప్రశ్న వింది.

"మా అయ్యది ఏ ఊరో మాకు తెల్దు, మేస్టరమ్మా. ఓడలో మాతో ఏ దేవుడూ రానేదు. ఇక్కడ దిగిన ఏడే పిల్లలందరికీ అమ్మోరు పోసింది. నానూ మంచాన పడ్డాను. ఈ తల్లి గుడి కాడే మా యమ్మ పొర్లుదండాలెట్టింది. బతికినోళ్ళం బతికినాం. అప్పట్నుంచి మా పిల్లల ఎంట్రుకలన్నీ ఈ తల్లికే."

ఆ వీధిలో ఏ ఇంటిని అడిగినా అదే జవాబు. నోటుబుక్కు మూసేశాను. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కమిటీ మళ్ళీ కూర్చున్న రోజు నేను పట్టీ చదివాను. ఒక్కో ఇల్లూ, అది వెళ్ళే ఊరూ. చదువుతుంటే షెడ్డులో దగ్గులు ఎక్కువయ్యాయి. ఊరి అమ్మవారికే వెంట్రుకలిచ్చే వీధి రంగం వీధి ఒక్కటే అని చెప్పి ఆపాను. మామ కళ్ళెర్రజేశాడు. మరి మన ఇంటి మాటేంటని అడిగాడు, తన ఇంటి సంగతి తనకే తెలియనట్టు. గుర్తు లేదు కూడా. ఆ పనులన్నీ మా అత్త చూసుకునేది. ఆయన వెళ్ళి పీట మీద కూర్చునేవాడంతే.

"మావా, నీ కొడుకులిద్దరికీ రామతీర్థంలో తీయించినావు. కొండ మెట్ల మీద కూకుని పులిహోర తిన్నాను, నాకు బాగా గుర్తు. నీ లెక్కన నువ్వు ఈ ఊరోడివి కాదు. ఈ పరీక్ష పెట్టింది నాను కాదు, నువ్వే."

ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు, కానీ పడ్డవాడు మేనమామ అయితే సంతోషం ఓ పక్కా, జాలి ఓ పక్కా ఉంటాయి. పెద్దమనిషిని పదిమందిలో అలా అనొచ్చా అని ఒకాయన నన్ను కసిరాడు. మామ చెయ్యెత్తి అతన్ని ఆపాడు.

"మాటన్నాను. అన్నమాట నానే దాటితే, ఇంక కుర్సీలో ఎందుకు? ఈ ఏడు ఘటం ముందుగాల రంగపోళ్ళ ఈదికి ఎళ్తాది."

ముందుగాల అన్నాడు! నేను అడగాలనుకున్నది ఆఖర్న అయినా పంపమని. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళలేదు నేను, ఎగిరి వెళ్ళాను.

ఘటం బయల్దేరిన రోజు ఊరి డప్పులన్నీ రంగం వీధి దారి పట్టాయి. మిఠాయి కొట్టు వాళ్ళు కొట్టు కట్టేసి వచ్చారు. మసీదు వీధి దర్జీలు షామియానా కుట్టి ఇచ్చారు. సవర ఆడవాళ్ళు వేపకొమ్మలు మోసుకొచ్చారు. వీధంతా కళ్ళాపి చల్లి ముగ్గులేశారు. కొన్ని ముగ్గులు మనవి కావు, ఎక్కడివో పువ్వులు, అవి ఇంకా బాగున్నాయి.

ఘటం ముసలమ్మ గుమ్మం ముందు ఆగింది. కోడలు సాయం పట్టబోతే ఆవిడ వద్దంది. చెంబు తనే ఎత్తి, ఆఖరి చుక్క దాకా తనే పోసింది. ఆ నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూర్చుని "మాయమ్మ ఉండాల్సింది" అని ఒక్కసారి గట్టిగా ఏడ్చింది. డప్పులవాళ్ళు ఆపేశారు. తరవాత కళ్ళు తుడుచుకుని లేచి, డబుల్ జోరుగా వాయించమని వాళ్ళని కసిరింది.

మా మామ ఎండలో ఓ పక్కగా నిలబడి ఉన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఎవరి మొహమూ చూడటం లేదు. ముసలమ్మ లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి అతని ముందు వేసింది, వెనకే పులుసు గిన్నె పట్టుకొచ్చింది.

"కూకో బాబూ, ఎండన పడి వొచ్చినావు. మా ఊరికొచ్చినోళ్ళని మేం నిలబెట్టం."

మామ ఒక్క క్షణం ఆవిడ మొహం చూశాడు. తలమీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, గిన్నె రెండు చేతులతో అందుకున్నాడు.